వంతెన మీదుగానా, బైపాస్ మీదుగానా? బండ్లు రూట్లుగా ఎలా చీలతాయో లెక్కగట్టే పద్ధతులు

ఎచ్చెర్ల వైపు నుంచి హైవే మీద వస్తూ శ్రీకాకుళంలోని నవభారత్ జంక్షన్ చేరామనుకోండి, అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్లాలి. అక్కడ రెండు దారులు. ఊళ్లోకి తిరిగి నాగావళి వంతెన దాటి పోవచ్చు, లేదంటే బైపాస్ మీదే ముందుకెళ్లి సింహద్వారం దగ్గర దిగి ఊరివైపు రావచ్చు. మొదటిది దగ్గర, రెండోది చుట్టు. తెల్లవారుజామున ఎవర్ని అడిగినా వంతెన మీదుగా పోదాం అంటారు. రథసప్తమి నాడు అదే మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు, ఎందుకంటే తనలాగే అందరూ అటే పోతారని, వంతెన మీద ఇరుక్కుంటామని అతనికి తెలుసు. ఆ ఆలోచనని లెక్కగా మార్చడమే ఈ వ్యాసం పని. గంటకి ఇన్ని బండ్లు ఆ జంక్షన్‌కి వస్తే ఎన్ని ఎటు పోతాయి, ఒక్కో దారికి ఎంతసేపు పడుతుంది, పోలీసులు కొన్నింటిని మళ్లిస్తే ఏమవుతుంది, ఇవన్నీ కాగితం మీదో ఎక్సెల్‌లోనో తేల్చవచ్చు. దీన్ని ట్రాఫిక్ అసైన్‌మెంట్ అంటారు. ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్‌లో ఎన్ని ప్రయాణాలు పుడతాయి, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ వాహనం మీద, ఏ దారిన అని నాలుగు మెట్లు ఉంటాయి, వాటిలో చివరిది ఇది. సివిల్ ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టుల్లో ఎక్కువగా తడబడేది కూడా ఇక్కడే, అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

ముందే ఒక మాట. కింద వాడిన నిమిషాలు, కెపాసిటీలు లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి. మీరు చేసేటప్పుడు మీరు కొలిచినవే పెట్టుకోవాలి.

ముందు లెక్కపెట్టాల్సినవి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే మూడు విషయాలు చేతిలో ఉండాలి: ఎన్ని బండ్లు, ఖాళీ రోడ్డు మీద ఎంతసేపు, రోడ్డు ఎంత మోస్తుంది (అదే కెపాసిటీ).

బండ్లని తలకొకటి చొప్పున లెక్కపెడితే మన రోడ్ల మీద అర్థం ఉండదు. బైకు, ఆటో, ఆర్టీసీ బస్సు, ఇసుక లారీ అన్నీ ఒకే రోడ్డు మీద పోతుంటాయి. అందుకే అన్నింటినీ కారు లెక్కలోకి మార్చాలి, దాన్నే పీసీయూ అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణ రోడ్ల కెపాసిటీ మీద ఇచ్చిన గైడ్‌లైన్స్, అంటే ఐఆర్‌సీ 106, ప్రకారం కారు 1 అయితే బైకు 0.5, ఆటో 1.2, బస్సు లేదా లారీ 2.2. మొత్తం ట్రాఫిక్‌లో ఆ రకం వాటా 10 శాతమో అంతకన్నా ఎక్కువో ఉంటే ఈ అంకెలు పెరుగుతాయి: బైకు 0.75, ఆటో 2, బస్సు 3.7. మన ఊళ్లలో బైకుల వాటా 10 శాతానికి ఎప్పుడూ పైనే ఉంటుంది కాబట్టి 0.75 వేసుకోండి. చాలా మంది అలవాటుగా 0.5 వేసేస్తారు, దాంతో వంతెన మీద బైకుల భారం మూడో వంతు తక్కువగా కనిపిస్తుంది. 2017లో సీఎస్ఐఆర్ వాళ్ల రోడ్డు పరిశోధన సంస్థ సీఆర్‌ఆర్‌ఐ తెచ్చిన ఇండో హెచ్‌సీఎం అనే రోడ్డు కెపాసిటీ మాన్యువల్ కూడా ఉంది, కొత్తది కాబట్టి దొరికితే అదే చూడండి, కానీ ఒకే ప్రాజెక్టులో సగం ఇందులోంచి సగం అందులోంచి తీసుకోవద్దు.

లెక్కపెట్టడం 15 నిమిషాల గడుల్లో చేయండి, గంటకొకసారి మొత్తం రాస్తే రద్దీ ఎక్కడ మొదలైందో తెలియదు. నలుగురు స్నేహితులు, జంక్షన్‌లో ఒక మేడ మీద నిలబడే వీలు, ఓనర్ అనుమతితో ఒక ఫోను వీడియో ఉంటే చాలు. ఎవరు ఏ దారిన పోయారో తెలియాలంటే మాత్రం ఇంకో పని ఉంది. నవభారత్ దగ్గర ఒకరు, అరసవల్లి దగ్గర ఒకరు, మధ్యలో వంతెన మీద ఒకరు, సింహద్వారం దగ్గర ఒకరు నిలబడి, వచ్చే బండ్ల నంబర్ ప్లేట్‌లో చివరి నాలుగు అంకెలు, టైము మాత్రం రాసుకోవాలి. సాయంత్రం కూర్చుని జత కలిపితే ఎంతమంది ఎటు వెళ్లారో, ఎంతసేపు పట్టిందో రెండూ దొరుకుతాయి. ఒక్క రోజు ఓపికగా చేస్తే నెలరోజుల ఊహల కన్నా విలువైన డేటా ఇది. దీన్ని మాత్రం దాటవేయకండి.

ఖాళీ రోడ్డు మీద పట్టే టైము కోసం ఉదయం 5 గంటలకి బండి మీద మీరే రెండు దారుల్లోనూ మూడేసి సార్లు తిరగండి. మ్యాప్ యాప్ చూపించే నిమిషాలు సరిచూసుకోవడానికి పనికొస్తాయి, వాటిమీదే ఆధారపడకండి.

నా ఉదాహరణలో ఊరి దారి ఖాళీగా ఉన్నప్పుడు 12 నిమిషాలు, కెపాసిటీ గంటకి ఒక దిక్కులో 900 పీసీయూలు. బైపాస్ దారి 16 నిమిషాలు, కెపాసిటీ 2400. నవభారత్ నుంచి అరసవల్లి పోవాల్సిన ట్రాఫిక్ గంటకి 1500 పీసీయూలు.

రద్దీకి టైము పెరగడాన్ని సూత్రంలో పెట్టడం

రోడ్డు నిండేకొద్దీ టైము ఎలా పెరుగుతుందో చెప్పే సూత్రం ఒకటి కావాలి. అందరూ వాడేది 1964లో అమెరికా బ్యూరో ఆఫ్ పబ్లిక్ రోడ్స్ ఇచ్చింది, బీపీఆర్ ఫంక్షన్ అంటారు:

పట్టే టైము = ఖాళీ టైము × (1 + 0.15 × (ట్రాఫిక్ ÷ కెపాసిటీ)⁴)

నాలుగో ఘాతం ఉంది చూశారా, ప్రాణమంతా అందులోనే ఉంది. రోడ్డు సగం నిండేదాకా టైము దాదాపు కదలదు, నిండాక ఒక్కసారిగా లేస్తుంది. ఊరి దారిలో 450 ఉంటే 12 నిమిషాల మీద పెరిగేది ఏడు సెకన్లే. 900 అయితే 13.8 నిమిషాలు, 1500 అయితే 25.9.

ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. 0.15, 4 అనేవి అమెరికా రోడ్ల మీద కుదిరిన అంకెలు, పైగా అందులో కెపాసిటీ అంటే రోడ్డు మోయగలిగిన గరిష్ఠం కాదు, సాఫీగా నడిచే స్థాయి. ఐఆర్‌సీ 106 ఇచ్చే డిజైన్ అంకెలు కూడా అలాంటివే, గరిష్ఠంలో సుమారు 70 శాతం. కాబట్టి 900 అని రాసుకున్న రోడ్డు కిందా మీదా పడి 1300 దాకా తోయగలదు. మీరు గరిష్ఠాన్ని తీసుకొచ్చి ఈ సూత్రంలో పెడితే టైములన్నీ తక్కువొస్తాయి, ఊరంతా హాయిగా ఉన్నట్టు కనిపిస్తుంది. మీరు కొలిచిన టైములతో 0.15నీ 4నీ సర్దుకోగలిగితే ఇంకా మంచిది, పశువులు, తోపుడు బళ్లు, రోడ్డు మీదే పార్కింగ్ ఉన్న చోట ఆ 0.15 అలాగే ఉండిపోతుందని అనుకోవడం కష్టం.

మొదటి పద్ధతి: అంతా ఒకే దారికి

దీన్ని ఆల్ ఆర్ నథింగ్ అంటారు. ఖాళీ టైము చూసి, తక్కువున్న దారికి 1500నీ తోసెయ్యడమే. ఏది తక్కువో వెతకడానికి డైక్‌స్ట్రా 1959లో ఇచ్చిన పద్ధతి సరిపోతుంది, ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా ఉంటుంది. ఫలితం: ఊరి దారి 25.9 నిమిషాలు, బైపాస్ ఖాళీ, 16 నిమిషాలు. పక్కన 16 నిమిషాల దారి ఉండగా 1500 మంది 26 నిమిషాలు కూర్చుంటారా? కూర్చోరు. సరే, కొత్త టైములు చూసి మళ్లీ తోస్తే 1500నీ బైపాస్‌కి పోతాయి, ఊరి దారి ఖాళీ అవుతుంది, మళ్లీ తోస్తే మళ్లీ ఊళ్లోకి. గడియారం లోలకంలా ఊగుతూనే ఉంటుంది.

నేను మొదటిసారి చేసిన ప్రాజెక్టులో ఈ పద్ధతే వాడి, ఒక రోడ్డు వెడల్పు చెయ్యాల్సిందే అని గట్టిగా రాసిచ్చాను. తర్వాత అక్కడే నిలబడి లెక్కపెడితే నేను చెప్పినదాంట్లో సగం ట్రాఫిక్ కూడా లేదు, మిగతా వాళ్లు ఎప్పటినుంచో పక్క వీధిలోంచి పోతున్నారు. ఆ రోజు నుంచి ఈ పద్ధతిని రెండు చోట్లే వాడుతున్నాను: రద్దీ అసలు లేని పల్లె రోడ్ల మీద, ఇంకా కింద చెప్పే పెద్ద పద్ధతుల లోపల ఒక మెట్టుగా.

కొంచెం కొంచెంగా పోయడం

ట్రాఫిక్‌ని ముక్కలు చేసి పోయడం రెండో పద్ధతి. మొదట 40 శాతం, తర్వాత 30, 20, 10. ప్రతి ముక్క తర్వాత టైములు మళ్లీ లెక్కకట్టి, తర్వాతి ముక్కని అప్పటికి తక్కువున్న దారికి పంపాలి. మన ఉదాహరణలో మొదటి 600 ఊళ్లోకి, టైము 12.4. తర్వాతి 450 కూడా ఊళ్లోకే, 15.3. ఇంకా 16 కన్నా తక్కువే కదా, 300 కూడా అటే, ఇప్పుడు 21.1. చివరి 150 బైపాస్‌కి. చేతితో చేసుకోవచ్చు, అర్థం చేసుకోవడం తేలిక, కానీ ఒకసారి పోసినదాన్ని వెనక్కి తీయడం ఉండదు, అందుకే ఊరి దారి 21 దగ్గర, బైపాస్ 16 దగ్గర ఆగిపోయాయి. పదేసి శాతం చొప్పున పది ముక్కలు చేస్తే 1200, 300 వస్తాయి, టైములు 17.7, 16. ముక్కలు చిన్నవయ్యేకొద్దీ మెరుగు, అయినా కచ్చితంగా కుదురుతుందన్న హామీ లేదు.

అసలు కుదురు ఎక్కడుంది

1952లో వార్డ్రోప్ అనే ఇంగ్లండ్ పరిశోధకుడు దీనికి ఒక మాట చెప్పాడు. జనం వాడుతున్న దారులన్నింట్లోనూ ఒకే టైము పట్టాలి, వాడని దారిలో అంతకన్నా తక్కువ పట్టకూడదు. అంటే ఎవరైనా ఒక్కడు దారి మార్చుకుంటే వాడికి లాభం ఉండదు. దీన్నే యూజర్ ఈక్విలిబ్రియం అంటారు. రోజూ అదే దారిన పోయే ఉద్యోగులు, ఆటోవాళ్లు నెలా రెండు నెలల్లో చేరుకునే స్థితి సుమారుగా ఇదే, ఇవాళ ఇటు, రేపు అటు చూసి, చివరికి ఎటు పోయినా ఒకటేలే అనుకునే స్థితి.

ఎక్సెల్‌లో చేయడం పది నిమిషాల పని. ఒక గడిలో ఊరి దారి ట్రాఫిక్ పెట్టండి, పక్క గడిలో 1500 లోంచి దాన్ని తీసెయ్యండి, రెండు గడుల్లో రెండు టైములు సూత్రంతో తెప్పించండి, ఇంకో గడిలో రెండు టైముల తేడా. ఇప్పుడు గోల్ సీక్ తెరిచి ఆ తేడా సున్నా అయ్యేలా మొదటి గడిని మార్చమనండి. ఊరి దారిలో సుమారు 1100, బైపాస్‌లో 400, రెండింట్లోనూ 16 నిమిషాలు అని వస్తుంది.

రెండు దారులుంటే ఇలా సరిపోతుంది. ఊరంతా నెట్‌వర్క్ అయితే వందల దారులుంటాయి, అప్పుడు మెల్లగా సగటు తీసుకుంటూ పోయే పద్ధతి, ఎంఎస్‌ఏ, తేలిక. మొదట అంతా ఒకే దారికి తొయ్యండి. టైములు చూసి, మళ్లీ అంతా ఒకే దారికి తోస్తే ఏమొస్తుందో చూసుకోండి, కానీ పూర్తిగా అటు దూకకుండా రెండోసారి సగం దూరం, మూడోసారి మూడో వంతు, నాలుగోసారి నాలుగో వంతు కదలండి. మన ఊరి దారి ట్రాఫిక్ ఇలా నడుస్తుంది: 1500, 750, 1000, 1125, 900, 1000, 1071, 1125... 1100 చుట్టూ తిరుగుతూ అడుగులు చిన్నవవుతాయి. చివరికి చేరుతుంది, కానీ ఓపిక కావాలి. ఇదే లెక్క 1956లో బెక్‌మన్, మెక్‌గ్వైర్, విన్‌స్టన్ ఒక కనిష్ఠం వెతికే సమస్యగా మార్చి చూపించారు, అదే ఏడాది ఫ్రాంక్, వుల్ఫ్ ఇచ్చిన పద్ధతిని 1975లో లెబ్లాంక్, మోర్లాక్, పియర్‌స్కల్లా దానికి అన్వయించారు. అందులో ప్రతిసారీ ఎంత దూరం కదలాలో లెక్కగట్టుకునే కదులుతారు కాబట్టి ఎంఎస్‌ఏ కన్నా వేగంగా దగ్గరకొస్తుంది.

ఎప్పుడు ఆపాలి అనేది చాలా మంది అడగరు, అడగాలి. ఇరవై సార్లు తిప్పాం కాబట్టి అయిపోయింది అనకండి. రిలేటివ్ గ్యాప్ చూడండి: ఇప్పుడు అందరికీ కలిపి పడుతున్న టైము లోంచి, ఇవే టైముల్లో అందరూ అతి తక్కువ దారిన పోతే పట్టే టైము తీసేసి, మొదటిదానితో భాగించాలి. మొదటి అడుగులో మనది 0.38, అంటే చాలా దూరం. ఇది 0.0001కి దిగేదాకా తిప్పడం మంచి అలవాటు, ముఖ్యంగా కొత్త రోడ్డు వేస్తే లాభమా నష్టమా అని రెండు ఫలితాలు పోల్చేటప్పుడు, లేకపోతే మీరు చూస్తున్న తేడా రోడ్డు వల్ల వచ్చిందో, సగంలో ఆపేయడం వల్ల వచ్చిందో తెలియదు.

పోలీసు మళ్లిస్తే

నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇది. అందరూ ఎవరికి వారు చూసుకుంటే 1500 మందికీ 16 నిమిషాలు. ఇప్పుడు మొత్తం ఊరికి కలిపి పట్టే టైము తగ్గాలంటే ఎలా పంచాలి అని అడగండి, దీన్ని సిస్టమ్ ఆప్టిమమ్ అంటారు. చేసే పద్ధతి అదే, ఒక్క మార్పు: సూత్రంలో 0.15 బదులు 0.75 పెట్టి గోల్ సీక్ చేయండి, ఎందుకంటే కొత్తగా వచ్చిన ఒక్క బండి తన టైముతో పాటు మిగతా అందరి టైమునీ కొంచెం పెంచుతుంది, నాలుగో ఘాతం ఉన్నప్పుడు ఆ రెండూ కలిపితే 0.15కి ఐదు రెట్లు వస్తుంది. పంపకం తేలాక అసలు టైముల్ని మళ్లీ 0.15తోనే చూసుకోవాలి.

జవాబు: ఊరి దారికి 740, బైపాస్‌కి 760. ఊరి దారి 12.8 నిమిషాలకి దిగుతుంది, బైపాస్ 16 దగ్గరే ఉంటుంది. నవభారత్ దగ్గర 360 పీసీయూలని బైపాస్ వైపు పంపితే, పంపినవాళ్లకి నష్టం ఏమీ లేదు, ముందూ 16 నిమిషాలే, ఇప్పుడూ 16 నిమిషాలే. ఊళ్లోంచి పోయేవాళ్లకి మూడు నిమిషాలు పైన మిగిలింది. అందరికీ కలిపి గంటలో 2,300 నిమిషాలకు పైగా ఆదా. రథసప్తమికి డైవర్షన్ బోర్డు పెట్టడం ఎందుకో అడిగేవాళ్లకి ఈ నాలుగు అంకెలు చూపిస్తే చాలు.

ఇదే దారిలో ఇంకో సంగతి. 1968లో బ్రేస్ అనే జర్మన్ గణితవేత్త, కొత్త లింకు రోడ్డు వేస్తే అందరి టైమూ పెరిగే నెట్‌వర్క్ ఉండొచ్చని లెక్కగట్టి చూపించాడు. కొత్త రోడ్డు వేస్తే మేలే జరుగుతుందని లెక్క లేకుండా చెప్పకండి.

మనుషులు గడియారం చూసి నడవరు

పైన అందరికీ అన్ని దారుల టైములూ కచ్చితంగా తెలుసని అనుకున్నాం. నిజంగా అలా ఉండదు. ఒకాయన వంతెన అవతల టిఫిన్ తినాలి కాబట్టి ఊళ్లోంచే పోతాడు, ఇంకొకాయనకి హైవే మీద లారీల మధ్య పిల్లల్ని బండి మీద తీసుకెళ్లాలంటే భయం, పక్క జిల్లా నుంచి వచ్చినవాడికి రెండో దారి ఉందనే తెలియదు. ఇలాంటి తేడాలని కలుపుకోవడానికి, టైము తేడాని బట్టి ఒక్కో దారికి ఇంత వాటా అని ఇచ్చే లాజిట్ పద్ధతి వాడతారు. డయల్ 1971లో దీన్ని నెట్‌వర్క్ మీద ఒక్కో దారినీ విడిగా రాసుకోకుండానే చేసే పద్ధతి ఇచ్చాడు, 1977లో డగాంజో, షెఫీ దీన్ని రద్దీతో కలిపి స్టోకాస్టిక్ యూజర్ ఈక్విలిబ్రియం అన్నారు.

రెండు దారులకి లెక్క ఇది: ఊరి దారి వాటా = 1 ÷ (1 + ఎక్స్‌పొనెన్షియల్ (థీటా × (ఊరి టైము − బైపాస్ టైము))). థీటా అంటే జనం నిమిషాల తేడాకి ఎంత స్పందిస్తారో చెప్పే అంకె. సున్నా అయితే టైము ఎవరూ పట్టించుకోరు, సగం సగం. బాగా పెద్దదైతే పైన చెప్పిన వార్డ్రోప్ కుదురే మళ్లీ వస్తుంది. థీటా నిమిషానికి 0.3 అనుకుంటే మన ఉదాహరణలో ఊరి దారికి సుమారు 950, బైపాస్‌కి 550. టైములు 14.2, 16. చూడండి, దాదాపు రెండు నిమిషాలు ఎక్కువైనా 550 బైపాస్ పట్టుకున్నాయి. నంబర్ ప్లేట్ల సర్వేలో మీకు కనిపించేది సాధారణంగా ఇలాంటి చిత్రమే, టైములు ఎప్పుడూ అచ్చంగా సమానం కావు. ఆ సర్వేలో వచ్చిన వాటాకి దగ్గరగా వచ్చేదాకా థీటా మార్చుకోండి, పుస్తకంలోంచి తెచ్చి పెట్టకండి.

లాజిట్‌తో ఒక చిక్కుంది. వంతెన దాటాక ఏడు రోడ్ల జంక్షన్ మీదుగా ఒక దారి, ఇంకో వీధిలోంచి మరో దారి ఉన్నాయని, బైపాస్‌తో కలిపి మూడింటికీ ఒకే టైమని అనుకోండి. లాజిట్ మూడింటికీ మూడో వంతు ఇచ్చేస్తుంది, అంటే వంతెన మీదకి మూడింట రెండు వంతులు. నిజానికి ఆ రెండు ఊరి దారులూ చాలా దూరం ఒకటే, చివర్లో మాత్రమే విడిపోతాయి, మనిషి మనసులో అవి దాదాపు ఒకటే ఎంపిక. ఉమ్మడి భాగం ఎక్కువున్న దారులకి కొంచెం కోత వేసే సీ-లాజిట్, పాత్ సైజ్ లాజిట్ అనే సవరణలు ఇందుకే వచ్చాయి. ఊరి లోపలి వీధుల మీద పని చేస్తుంటే వీటిలో ఒకటి తప్పకుండా వాడండి.

నిమిషాలొక్కటే కాదు, పెట్రోలు, టోలు కూడా కలపాలి. నరసన్నపేట వైపు పోయేవాళ్ల లెక్క చేస్తే మడపాం టోల్‌ప్లాజా వస్తుంది. టోలుని నిమిషాల్లోకి మార్చుకోండి: ఒక మనిషి తన నిమిషాన్ని 3 రూపాయలుగా చూస్తాడనుకుంటే 60 రూపాయల టోలు 20 నిమిషాల చుట్టుతో సమానం. బైకులకి టోలు లేదు, లారీకి ఎక్కువ, కాబట్టి ఒక్కో రకం బండికి విడివిడిగా చేయాలి. ఆర్టీసీ బస్సులు రూటు మార్చవు, వాటిని ముందే రోడ్డు మీద పెట్టేసి, మిగతా వాటిని తర్వాత పంచండి.

పండగ రోజు ఈ లెక్కలు చాలవు

పైన చెప్పిన పద్ధతులన్నీ ఒక గంటని ఒక ఫొటోలా చూస్తాయి, అందుకే వీటిని స్టాటిక్ అంటారు. మామూలు సోమవారం ఉదయానికి అది చాలు. రథసప్తమి నాడు గంటకి 1600 పీసీయూలు వంతెన మీదకి వస్తే, వంతెన గరిష్ఠంగా 1300 తోయగలిగితే, గంట చివరికి 300 వెనక నిలబడతాయి. చివర చేరినవాడు దాదాపు 14 నిమిషాలు కదలకుండా ఉంటాడు. ఒక్కో దానికి 6 మీటర్లు వేసుకున్నా ఆ వరుస 1.8 కిలోమీటర్లు, ఒకే వరుసలో నిలబడితే. అది వెనక జంక్షన్ దాకా పాకితే వంతెనకి సంబంధం లేని, నేరుగా ఇచ్ఛాపురం పోవాల్సిన బండ్లు కూడా ఆగిపోతాయి. బీపీఆర్ సూత్రానికి ఈ వరుస కనపడదు, అది 1600నీ అవతలి రోడ్డుకి దాటించేసి టైము పెంచి ఊరుకుంటుంది. ఇలాంటి రోజుకి డైనమిక్ అసైన్‌మెంట్ కావాలి, 15 నిమిషాల గడుల్లో ట్రాఫిక్ ఇచ్చి, వరుస ఎక్కడిదాకా పెరిగిందో గడిగడికీ చూసేది.

దీనికి జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్‌ఆర్ తయారుచేసిన సూమో అనే ట్రాఫిక్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ నుంచి ఊరి రోడ్లు నేరుగా తెచ్చుకోవచ్చు. అందులో మారౌటర్ అనే ప్రోగ్రాం మనం పైన చేసిన స్టాటిక్ లెక్కలు చేస్తుంది, డువా ఇటరేట్ అనేది ప్రతి బండినీ నడిపించి, టైములు చూసి, దారులు మార్చి మళ్లీ నడిపిస్తుంది. స్టాటిక్ పనికి పైథాన్ తెలిసినవాళ్లకి ఈక్విలిబ్రే అనే ప్యాకేజీ ఉంది, మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ప్లగిన్‌గా కూడా దొరుకుతుంది. మ్యాప్ తెచ్చుకున్నాక మాత్రం ఒక సాయంత్రం కూర్చుని ప్రతి వన్‌వేనీ, లేన్ల సంఖ్యనీ కళ్లతో సరిచూడండి, చిన్న ఊళ్లలో ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఇవి తప్పులుంటాయి.

రోడ్డు మూసేసిన రోజుల లెక్క దీనికన్నా తేలిక. విజయనగరంలో సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గరున్న పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది, ఆ రోడ్డు బండ్లకి ఉండదు. నెట్‌వర్క్‌లోంచి ఆ లింకులు తీసేసి మళ్లీ నడిపితే పక్క రోడ్ల మీద ఎంత భారం పడుతుందో వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: ఆ రోజు జనానికి అలవాటు కుదరడానికి టైము ఉండదు కాబట్టి యూజర్ ఈక్విలిబ్రియం ఇచ్చే అందమైన సమాన టైములు నమ్మకండి, థీటా తగ్గించి లాజిట్‌తో చేయండి, దారి తెలియనివాళ్లు ఎక్కువుంటారు.

సరిచూడటం

మోడల్ చెప్పింది, మీరు లెక్కపెట్టింది పక్కపక్కన పెట్టి జీఈహెచ్ అనే అంకె తీయండి. రెండింటి తేడాని వర్గం చేసి, రెండుతో గుణించి, రెండింటి మొత్తంతో భాగించి, వర్గమూలం తీయడమే. 5 లోపుంటే బాగున్నట్టు, చెక్ చేసిన చోట్లలో 85 శాతం అలా ఉండాలని ఇంగ్లండ్ వాళ్ల అలవాటు, మనమూ అదే పాటించవచ్చు. మోడల్ 1100 అని, లెక్కలో 1000 వస్తే జీఈహెచ్ 3.1, పర్లేదు. 950కి 780 వస్తే 5.8, ఎక్కడో తప్పుంది. అప్పుడు వరసగా చూడండి: ముందు పీసీయూలు, తర్వాత మ్యాప్, ఆ తర్వాత కెపాసిటీ, చివర్లోనే థీటా. థీటా తిప్పితే ఏ తప్పైనా కప్పుకుపోతుంది, అందుకే చివర్లో. సరిచూడటానికి వాడే లెక్కలు థీటా సర్దడానికి వాడినవి కాకూడదు, ఇంకో రోజువి ఉండాలి. ఒక బుధవారం లెక్కతో సర్దుకుని, తర్వాతి వారం గురువారం మళ్లీ వెళ్లి వంతెన మీద నిలబడండి.